మేనేజరుకి రెండు వైద్యాలు

మెట్ల మీది గది,
జూన్ 12

వదినగారికి నమస్కారాలు.

మీ పార్సెలు అందింది. నల్లపొడి డబ్బా, కొలత చెంచా, మీ చేత్తో రాసిన రెండు కాగితాలు అన్నీ క్షేమంగా వచ్చాయి. ఫోను చెయ్యకుండా ఉత్తరం రాస్తున్నానని ఏమీ అనుకోకండి. పిల్లల పెళ్లయిన ఈ ఆరేళ్లలో మనం ఫోనెత్తినప్పుడల్లా ఇద్దరం ఒకేసారి మాట్లాడాం. ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు. కాగితం మీదైతే ఒకరు ఆపితేగానీ రెండోవారు మొదలుపెట్టలేరు.

అమ్మాయీ అల్లుడూ ఓడెక్కి పదిరోజులైంది. ఆ దీవిలో వాతావరణ కేంద్రం తప్ప ఇంకేమీ లేదట, నెలకో ఓడే వెళ్తుందట, కుక్కల్ని రానివ్వరట, అందుకే వాళ్ల కుక్క నా ఇంట్లో దిగింది. మీరుండేది లిఫ్టులేని నాలుగో అంతస్తు. దీని వెనక కాళ్లకి నా మొదటి అంతస్తే ఎక్కువ. కాబట్టి మార్చి దాకా నాకు తప్పదు, ఒప్పుకున్నాను. దీని నొప్పులకి మీ పొడి వేస్తానని అమ్మాయికి మాట కూడా ఇచ్చాను. కానీ మీరు రాసిన ఇరవై మూడు ప్రశ్నల సంగతి ఎవరూ ముందు చెప్పలేదు.

"గాలి తగిలితే ఇష్టపడతాడా, చిరాకు పడతాడా? కలలో ఉలిక్కిపడతాడా? కోపిష్టా, దిగులు మనిషా?" దిగులు మనిషా అని రాశారు. ముప్ఫై ఏళ్లుగా ప్రెస్సులో ప్రూఫులు దిద్దుకుని బతుకుతున్నదాన్ని, ఆ మాట కింద ఎర్ర గీత పెట్టకుండా ఉండలేకపోయాను. కుక్కని కూర్చోబెట్టి ఇవన్నీ ఎలా అడగాలో మాత్రం మీరు రాయలేదు.

దీనికి మేనేజరని పేరెందుకు పెట్టారో ఇప్పుడు తెలిసింది. పొద్దస్తమానం గుమ్మానికడ్డంగా పడుకుని వచ్చేపోయేవాళ్లని గుర్రుమంటుంది. మొన్న ప్రెస్సు ఫోర్‌మన్ చొక్కా చెయ్యి పట్టుకుంది. ఆయన ఇప్పుడు ప్రూఫుల కట్ట కింద మెట్టు మీదే పెట్టి, "అమ్మగారూ, మీ మేనేజరు దగ్గర పర్మిషన్ తీసుకుని దిగి రండి" అని కేకేసి పోతున్నాడు.

మీ వదిన

క్లినిక్ వెనక గది,
జూన్ 20

వదినగారికి,

ఉత్తరం అందింది. ఎర్ర గీతలు కూడా ఇక్కణ్ణించే కనబడ్డాయి.

ముందుగా ఒక మాట. వాణ్ని "ఇది, దీనికి" అనకండి. పదకొండేళ్లవాడు.

మీరు ఎండన పడి తిరిగొచ్చి "వేడి చేసింది" అంటారు. చల్లగా ఏదైనా తాగి "చలవ చేసింది" అంటారు. ఎప్పుడైనా థర్మామీటరు పెట్టి చూసుకున్నారా? నేను నేర్చుకున్న చైనా వైద్యం చెప్పేదీ దాదాపు అదే మాట, దానికో పెద్ద పుస్తకం ఉంది, అంతే. కొన్ని ఒళ్లు వేడి ఒళ్లు, కొన్ని చలవ ఒళ్లు. కీళ్లనొప్పి ఉన్న కుక్క వెచ్చటి చోటు వెతుక్కుంటే ఒక మందు, చల్లటి గచ్చు వెతుక్కుంటే ఇంకో మందు. అందుకే ఆ ప్రశ్నలు. గుర్రుమనడం కూడా పొగరు కాదు వదినగారూ. నడుం నొప్పితో ఉన్నవాడు ఎవరైనా మీదికొస్తారేమోనని ముందే అరుస్తాడు. మీకు పంటినొప్పి వచ్చినప్పుడు మా ఇంట్లో రెండ్రోజులు ఎలా ఉన్నారో నాకు గుర్తుంది.

వార్డులో ముప్ఫై రెండేళ్లు సిస్టర్ ఉద్యోగం చేసి, రిటైరయ్యాక రెండేళ్లు కూర్చుని ఈ విద్య నేర్చుకున్నాను. నొప్పికి గుచ్చే ఆక్యుపంక్చర్ సూదులు నేను వేస్తాను. మూలికలు మాత్రం మా గురువుగారివి. ఆయన జంతువుల డాక్టరే, పైన ఇదీ చదివారు. మీకు పంపిన పొడి ఆయన చూసి సరేనన్నదే.

నడుం ఎముక అయిపోయి తోక మొదలయ్యేలోపు ఒక చిన్న గుంట తగులుతుంది. అక్కడ బొటనవేలితో రోజూ రెండు నిమిషాలు మెల్లగా ఒత్తండి. నాలుక రంగు తప్పకుండా రాయండి. అది లేకుండా నేను చీకట్లో సూది గుచ్చుతున్నట్టే.

మీ వదిన

ప్రెస్సు, ప్రూఫుల బల్ల,
జూలై 1

వదినగారికి,

నాలుక ఎర్రగా ఉంది. అంచుల దగ్గర ఇంకా ఎర్రగా ఉంది. చల్లటి గచ్చు మీదే పడుకుంటుంది. చాలా?

మీ గుంట దొరికింది. రెండు నిమిషాలు గడియారం చూస్తూ ఒత్తుతున్నాను. మొదట పళ్లు చూపించింది, ఇప్పుడు ఆవలిస్తోంది. పొడి మీరన్నట్టే ఉదయం చెంచా, సాయంత్రం చెంచా వేస్తున్నాను. ఇల్లంతా తడి గోనెసంచి వాసన.

కానీ ఉన్నమాట చెప్పాలి కాబట్టి చెప్తున్నాను. నడక బాగుపడింది. నిన్న మెట్లన్నీ ఆగకుండా ఎక్కింది. ఫోర్‌మన్ గుమ్మం దాకా వచ్చి ప్రూఫులు చేతికిచ్చి వెళ్లాడు, ఒక్కసారి కూడా గుర్రుమనలేదు. మీరు సంతోషిస్తారని రాశాను. దయచేసి ఇంకో ఇరవై మూడు ప్రశ్నలు పంపకండి.

మీ వదిన

క్లినిక్ వెనక గది,
జూలై 17

వదినగారికి,

మీ ఉత్తరం గురువుగారికి చదివి వినిపించాను. ఇది రాస్తుంటే నా చేతిరాత నాకే వంకరగా కనబడుతోంది, సంతోషంతోలెండి. దిద్దుకోండి.

ఒక సంగతి మీకెప్పుడూ చెప్పలేదు. నేనీ కోర్సులో చేరినప్పుడు మా వాడు భోజనాల బల్ల దగ్గర అందరి ముందూ నవ్వాడు. "మనుషులు అయిపోయారా అమ్మా, ఇక కుక్కలకి గుచ్చుతావా?" అన్నాడు. మీ అమ్మాయి వాణ్ని మోచేత్తో పొడిచింది, అయినా నవ్వాడు. మేనేజరు మెట్లెక్కాడని మీ ఉత్తరం అందిన రోజే ఓడకి వాడికి రాశాను. తిరుగు ఓడలో జవాబొచ్చింది. "నేను నవ్వడం తప్పమ్మా. నువ్వు చేసింది పనిచేసింది" అని. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నాకు ఇలాంటి కాగితం ఎవరూ ఇవ్వలేదు. బీరువాలో పెట్టుకున్నాను.

నాలుక అంత ఎర్రగా ఉందంటే లోపల వేడి పోలేదన్నమాట. దీంతో ఇంకో డబ్బా పంపుతున్నాను. ఇందులో రక్తాన్ని నిలవనివ్వకుండా కదిలించే మూలికలున్నాయి. పూటకి రెండు చెంచాలు వెయ్యండి.

మీ వదిన

మెట్ల మీది గది,
ఆగస్టు 9

వదినగారికి,

కొత్త పొడి మొదలుపెట్టి రెండు వారాలైంది. నాలుగు రోజులుగా తిండి సరిగ్గా తినడం లేదు. గిన్నె దగ్గరికొచ్చి వాసన చూసి వెళ్లిపోతోంది. పొడి కొన్నాళ్లు ఆపవచ్చా? ప్రెస్సులో పాఠ్యపుస్తకాల పని మీద పడింది. ఎక్కువ రాయలేను.

మీ వదిన

క్లినిక్ వెనక గది,
ఆగస్టు 14

వదినగారికి,

ఆపవద్దు. పని చేస్తున్న మందుని మధ్యలో ఆపితే మళ్లీ మొదటికొస్తాం. వేడి తగ్గేటప్పుడు ఆకలి కాస్త మందగించడం మామూలే. తిండిలో గోరువెచ్చటి నీళ్లు కలిపి పెట్టండి.

మీకు ఓపిక తక్కువని మా వాడు ముందే హెచ్చరించాడు. ఇంకో పదిరోజులు ఓపిక పట్టండి.

మీ వదిన

జంతువుల ఆసుపత్రి, వరండా బెంచీ,
ఆగస్టు 19

వదినగారికి,

నిన్న ఫోనులో మీరు మూలికల పేర్లు ఒక్కొక్కటీ చెప్పారు, నేను డాక్టరమ్మకి అప్పజెప్పాను. అంతలో పెట్టేశాం. మనం ఒకరి మాటకి ఒకరు అడ్డం రాకుండా మాట్లాడుకున్నది అదే మొదటిసారి. మిగతాది ఇక్కడ కూర్చుని రాస్తున్నాను. లోపలికి రానివ్వడం లేదు.

నిన్న ఉదయం లేవలేదు. కాఫీపొడి కలిపిన నీళ్లలాంటి వాంతి అయింది. చిగుళ్లు తెల్లకాగితంలా ఉన్నాయి. నేనూ ఫోర్‌మనూ దుప్పట్లో వేసి మోసుకొచ్చాం. కడుపులో పుండుపడి రక్తం పోతోందట. వారం నుంచీ నల్లగా విరేచనం అవుతున్నా నేను మీకు రాయలేదు. నల్లపొడి వేస్తే నల్లగానే అవుతుందనుకున్నాను.

వదినగారూ, జూన్ ఇరవై ఐదు నుంచీ నేను మేనేజరుకి నొప్పి మాత్రలు వేస్తున్నాను. ఈ డాక్టరమ్మే ఇచ్చారు. "ఇంకేమైనా మందులు వేస్తున్నారా?" అని ఆవిడ అప్పుడే అడిగారు. లేదన్నాను. చదువుకున్నదాన్నై ఉండి కుక్కకి చైనా పొడి వేస్తున్నానని చెప్పడానికి నామోషీ అనిపించింది. మీకు చెప్తే మళ్లీ రెండు కాగితాల ఉత్తరం వస్తుందని మీకూ చెప్పలేదు. పొడి మానేస్తే మీకు అబద్ధం రాయాల్సొస్తుందని పొడీ వేశాను. నా నిజాయితీ అలా ఏడిచింది.

మెట్లెక్కింది మాత్రలతోనో, పొడితోనో, ఒత్తడంతోనో నాకు తెలియదు. మీ అబ్బాయి రాసిన కాగితం సంగతి చదివిన రోజే చెప్పి ఉండాల్సింది. చెప్పబుద్ధి కాలేదు.

ఇంకొకటి. నాలుక నేను చూడలేదు. ప్రెస్సులో ఎర్రసిరా బుడ్డి ఎదురుగా ఉంది, ఎర్రగా ఉందని రాసి పారేశాను.

డాక్టరమ్మ, "రక్తాన్ని పల్చన చేసే మూలికలు, పైన ఈ మాత్రలు. రెండూ కలిసే వాడి కడుపు చీల్చాయి. పొడి సంగతి అప్పుడే చెప్పి ఉంటే రెండింట్లో ఒకటి ఆపించేదాన్ని" అన్నారు. కసురుకోలేదు. కసురుకుని ఉంటే బాగుండేది.

మీ వదిన

మా ఇల్లు,
ఆగస్టు 25

వదినగారికి,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటి రెండుసార్లు మిమ్మల్ని తిట్టుకుంటూ చదివాను. అది దాచను. ఎర్రసిరా బుడ్డి చూసి వైద్యం చేయించారా నాచేత?

తరవాత కోపం దారి మళ్లింది. వార్డులోకి కొత్త పేషెంటు రాగానే నేను మొట్టమొదట అడిగే మాట "ఇంకేం మందులు వాడుతున్నారు?" అని. కళ్లు సరిగ్గా తెరవని ముసలాళ్లని కూడా లేపి అడిగేదాన్ని. మీకు ఇరవై మూడు ప్రశ్నలు పంపాను. కలల గురించి అడిగాను, గాలి గురించి అడిగాను. ఆ ఒక్కటీ అడగలేదు. ఆకలి లేదని మీరు రాస్తే విరేచనం ఏ రంగులో ఉందనీ అడగలేదు. నా పొడి పనిచేస్తోందన్న సంబరంలో ఉన్నాను.

రెండు పొడులూ గురువుగారు చూసి సరేనన్నవి కావు. నాకు నేనే కలిపాను. ఇవాళ వెళ్లి చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"నాడి ఎవరు పట్టారు సిస్టర్?"

"ఎవరూ పట్టలేదండి."

"నాలుక?"

"ఉత్తరంలో రాశారండి."

"మీరు మందిచ్చింది కుక్కకా, ఉత్తరానికా?"

మూలికల అలమర తాళం చెవి అడిగి తీసుకున్నారు. సూదులు మాత్రం ఉంచారు, అవీ ఆయన ఎదురుగా ఉంటేనే వెయ్యాలి. ఈ వయసులో ట్రైనీనయ్యాను.

మా వాడికి నేనే రాస్తాను. ఆ మాట వాడి నోట రప్పించింది నేను, వెనక్కిచ్చేదీ నేనే. మీరు మధ్యలో రాకండి.

మేనేజరు ఎలా ఉన్నాడో రోజూ ఒక కార్డు ముక్క రాసి పడెయ్యండి. ఇష్టం లేకపోతే సంతకం కూడా అక్కర్లేదు.

మీ వదిన

మెట్ల మీది గది,
సెప్టెంబరు 2

వదినగారికి,

కార్డులు అందుతున్నాయనుకుంటాను. ఆరు రోజులుంచి ఇంటికి పంపారు. నిలబడుతున్నాడు. కాస్త గంజి తాగుతున్నాడు. నొప్పి మాత్రలు ఇక జన్మలో వెయ్యకూడదన్నారు. కడుపుకి మందు మాత్రం ఇచ్చారు. నొప్పి మాత్రలు ఆగడంతో కాళ్లనొప్పి మళ్లీ మొదలైంది. గుమ్మం దాకా నాలుగడుగులు వెయ్యడానికి పావుగంట పడుతోంది. గుర్రుమనే ఓపిక కూడా లేదు. ఫోర్‌మన్ వచ్చి మెల్లగా తల నిమిరితే ఊరుకున్నాడు. అది చూసి నాకు దుఃఖం వచ్చింది.

మీరు మధ్యలో రావద్దన్నారు గానీ నేను అమ్మాయికి రాసేశాను. మాత్రలూ, నాలుకా, డాక్టరమ్మ దగ్గర ఆడిన అబద్ధమూ మొత్తం. మీరు తప్పంతా మీ నెత్తినే వేసుకుని రాసి ఉంటారని తెలుసు. ఏం వదినగారూ, తప్పుల్లో కూడా మగపెళ్లివారిదే పైచెయ్యి కావాలా?

మీ వదిన

మెట్ల మీది గది,
సెప్టెంబరు 29

వదినగారికి,

ఓడ ఉత్తరం వచ్చింది. ఇద్దరి పేరా రాశారు, నా చిరునామాకి పంపారు. మీ కోసం అక్షరం మార్చకుండా ఎత్తి రాస్తున్నాను. అల్లుడి చేతిరాత. అక్షరదోషాలు కూడా అలాగే ఉంచాలనుకున్నాను, చెయ్యి ఒప్పుకోలేదు.

"అమ్మకీ అత్తయ్యగారికీ. మీ ఇద్దరి ఉత్తరాలూ ఒకే సంచిలో వచ్చాయి. మీరిద్దరూ అలా బాధపడుతుంటే ఇక దాచలేం. రెండేళ్ల క్రితం మేనేజరుకి ఇలాగే నొప్పి మాత్రలిస్తే ఇలాగే రక్తం వాంతి అయింది. వాడి కడుపుకి ఆ మాత్రలు పడవని అప్పటి డాక్టరు చీటీ రాసిచ్చారు. ఆ చీటీ మా దగ్గరే ఉంది. ఇంత సున్నితమైన కుక్కని ఎవరూ పెట్టుకోరేమోనని మీకు చెప్పలేదు. ఏడాదిలోపే కదా, పొడితోనే గడిచిపోతుందనుకున్నాం. క్షమించండి."

కింద అమ్మాయి "అమ్మా, నాది కూడా తప్పే" అని ఒక్క ముక్క రాసింది. ఒకే ఒక్క ముక్క.

ఆ చీటీ దీవిలో ఉంది, కుక్క ఇక్కడుంది. అడిగినవాళ్లకి నేను నిజం చెప్పలేదు, మీరు అడగాల్సింది అడగలేదు, వాళ్లు తెలిసీ నోరు మెదపలేదు. వాడొక్కడే ఉన్నది ఉన్నట్టు గుర్రుమన్నాడు.

వాడికి నడవడం కష్టంగా ఉంది. నేను ఒత్తుతున్నాను, నా బొటనవేలు చాలడం లేదు. డాక్టరమ్మని అడిగాను. "సూదులు తెలిసినవాళ్లు నా ఎదురుగా వేస్తానంటే అభ్యంతరం లేదు, కొన్ని కుక్కలకి ఉపశమనం ఇస్తుంది" అన్నారు. అడగాల్సింది అడిగాను. మీ ఇష్టం.

మీ వదిన

క్లినిక్ వెనక గది,
అక్టోబరు 5

వదినగారికి,

నా కొడుకు ఉత్తరం చదివి గురువుగారి ముందే, నా నోట రాకూడని మాట ఒకటన్నాను. ఆయన విననట్టు నటించారు.

గురువారం రైలుకి వస్తున్నాను. మీ డాక్టరమ్మతో గురువుగారు స్వయంగా ఫోనులో మాట్లాడి, తన బదులు ఆవిడ ఎదురుగా వెయ్యవచ్చన్నారు. సూదులు తెస్తున్నాను. పొడులు తేవడం లేదు, సంచి విప్పి చూసుకోవచ్చు. ముందుగదిలో నాకో మంచం వెయ్యండి. ఎన్నాళ్లుంటానో తెలియదు, మీరు భరించగలిగినన్నాళ్లు. మీరు గట్టిగా రేడియో పెడతారని విన్నాను. నేను తెల్లారుజామునే లేస్తాను. ఈ రెండూ ముందే చెప్పేసుకుందాం.

ఆ ఇద్దరికీ మీరు ఒంటరిగా జవాబు రాయకండి. నేనొచ్చాక రాద్దాం.

మీ వదిన

మెట్ల మీది గది,
అక్టోబరు 27

దీవిలో ఉన్న ఇద్దరికీ,

ఇది మీ ఇద్దరి అమ్మలూ ఒకే బల్ల దగ్గర కూర్చుని రాస్తున్న ఉత్తరం. రాత నాది, అంటే ప్రూఫులమ్మది. పక్కన సిస్టరమ్మ కూర్చుని ప్రతి వాక్యానికీ అడ్డం వస్తోంది. మీ మీద మాకున్న కోపం రాయాలంటే ఈ ఓడ చాలదు. మీ చీటీ నకలు తక్షణం పంపండి. అసలుది కూడా పంపండి. అది కాక ఇంకేమైనా దాచి ఉంటే అదీ రాయండి. వాడి గురించే కాదు, మీ గురించి కూడా.

ఇక్కడ కలం నేను తీసుకున్నాను, సిస్టరమ్మని. రాయనివ్వకపోతే లాక్కున్నాను. బాబూ, నువ్వు వెనక్కి తీసుకోవాల్సిన మాట ఒకటుంది, "నువ్వు చేసింది పనిచేసింది" అన్నది. అది తీసేసుకో. ఇప్పుడు వారానికి రెండుసార్లు డాక్టరమ్మ గదిలో, ఆవిడ చూస్తుండగా సూదులు వేస్తున్నాను. మూడుసార్లకి ఏమీ తెలియలేదు. నాలుగోసారికి సూదులుండగానే నిద్రపోయాడు. పనిచేస్తోందా అని అడిగితే, కొన్ని రోజులు చేస్తోంది, కొన్ని రోజులు చెయ్యడం లేదు. ఇంతకంటే గొప్పగా రాయను.

మళ్లీ ప్రూఫులమ్మని. వాడికి పెట్టే ప్రతి మందూ ఒక నోట్‌బుక్కులో ఇద్దరం సంతకం చేసి రాస్తున్నాం. ఆవిడ చేతిరాత భరించలేను. నా రేడియో ఆవిడ భరించలేదు. రోజుకి రెండుసార్లయినా గొడవపడుతున్నాం. నిన్న ఆవిడ సూట్‌కేసు సర్దుకుంది. ఇవాళ మళ్లీ విప్పింది.

నొప్పి పూర్తిగా పోదని డాక్టరమ్మ చెప్పారు. సిస్టరమ్మా కాదనలేదు. మీరొచ్చే మార్చికి వాడు ఉంటాడని రాయలేం, ఉండడనీ రాయం. ఇన్నాళ్లూ అందరం ఒకరికొకరం బాగుందనే రాసుకున్నాం. ఇకనుంచి బాగున్న రోజు బాగుందని, లేని రోజు లేదని రాస్తాం. చదువుకుని తట్టుకోండి.

ఇవాళ సంగతి ఇది. సాయంత్రం కిందికి తీసుకెళ్లి తిప్పాం. తిరిగొస్తూ సగం మెట్లెక్కి కూలబడ్డాడు. మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ముందుకాళ్ల వైపు నేను, వెనక కాళ్ల వైపు ఆవిడ పట్టుకున్నాం. ఎడమకి తిప్పమని ఆవిడ, కుడికి తిప్పమని నేను మధ్యలో నిలబడి వాదించుకున్నాం. అంతసేపూ వాడు మా చేతుల్లో కదలకుండా ఉన్నాడు. చివరికి ఎటూ తిప్పకుండా తిన్నగా ఎక్కేశాం.

ఇట్లు,
మీ ఇద్దరి అమ్మలు